వ్యాను సీటు ఆరుబయట కుర్చీగా పనికివస్తుందా?

వాహనాలు, వాడకం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు మినీవ్యాన్ల సీట్ల గురించే ఉన్నాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో పిల్లలు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు, వాళ్ల సామాను అంతా కలిపి పట్టే బండ్లుగా టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ స్థిరపడిపోయాయి కనుక, వాటిలో ఊడదీసే వీలున్న మధ్య వరుస సీట్లను క్యాంపింగుకు వెళ్లినచోట కుర్చీలుగా వేసుకోవచ్చునా అన్న ఆలోచన రావడం సహజమే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, కుదించి ఇస్తున్నాము.

*

ప్రశ్న: మా నాన్నగారు ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. మోకాళ్ల నొప్పుల వల్ల గుడ్డతో కుట్టిన మడత కుర్చీలో కూర్చుంటే లేవలేకపోతున్నారు. మా 2015 సియెన్నాలో మధ్య వరుస సీటులో మాత్రం ఎంతసేపైనా ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. వచ్చే నెలలో అందరం పాలో డ్యూరో కాన్యన్‌కు వెళ్లి గుడారం వేసుకోవాలనుకుంటున్నాము. ఆ సీటును ఊడదీసి ఆయనకు గుడారం ముందు వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: వేయవచ్చును, కాని ఊడదీసిన సీటును అలాగే నేల మీద పెట్టి ఆయనను కూర్చోబెట్టవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

మీ నాన్నగారు వ్యానులో సుఖంగా కూర్చోగలగడానికి సీటు మెత్తదనం ఒక్కటే కారణం కాదు. వ్యాను నేల రోడ్డుకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆయన దిగేటప్పుడు సీటు మీదినుంచి పైకి లేవవలసిన అవసరం లేకుండా, పక్కకు తిరిగి కాళ్లు బయటికి చాపి మెల్లగా కిందికి జారి నిలబడతారు. మోకాలు మీద బరువు పడేది కూర్చుని ఉన్నప్పుడు కాదు, లేచేటప్పుడు. ఆ లేవడమనేదే వ్యానులో దాదాపు లేకుండా పోతున్నది. అదే సీటును నేల మీద పెడితే అది ఒక పొట్టి కుర్చీ అవుతుంది. మెత్త ముందు అంచు నేలనుంచి ఎంత ఎత్తున ఉంటుందో టేపుతో కొలవండి. సాధారణంగా 35 సెంటీమీటర్ల అటూఇటూ వస్తుంది. మన భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పైగా బండి సీటు మెత్త వెనక్కి వాలి ఉంటుంది; బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకు జారకుండా ఉండటానికి అది అవసరం, లేవవలసిన పెద్దవారికి మాత్రం అదే అడ్డం.

రెండవది, వెనక్కి తిరగబడే ప్రమాదం. వ్యానులో సీటు అడుగున ఉన్న కొక్కేలు, గడియలు బండి నేలకు బిగించిన ఉక్కు భాగాలను పట్టుకొని ఉంటాయి గనుక, మనిషి ఎంత వెనక్కి వాలినా సీటు కదలదు. ఊడదీశాక దానికి ఆ పట్టు ఉండదు. సీటు అడుగు చట్రం మెత్తకంటే పొట్టిగా ఉంటుంది, వెనక కాళ్లు వీపు ఆనే భాగం కిందనే ఆగిపోతాయి. వీపు భాగం కొద్దిగా వాలి ఉన్నప్పుడు బరువైన మనిషి ఒక్కసారిగా చేరగిలబడితే, శరీర బరువు ఆ వెనక కాళ్ల గీత దాటి వెనక్కి పడుతుంది, సీటు మనిషితో సహా తిరగబడుతుంది. పాలో డ్యూరోలో ఎర్రమట్టి నేల సమంగా ఉండదు, వాన పడితే మెత్తబడుతుంది. కొక్కేలు ఒకవైపు దిగబడితే పక్కకు ఒరిగే అవకాశం కూడా ఉంది.

అందువల్ల సీటుకు ఒక పీఠం కావాలి. వడ్రంగం కొద్దిగా తెలిసినవారు ఒక సెలవురోజున చేసుకోగలిగిన పని ఇది. హోమ్ డిపో వంటి దుకాణాల్లో దొరికే రెండు-బై-నాలుగు కలప (అసలు కొలత ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు) తీసుకొని, సుమారు ఒక మీటరు పొడవున్న రెండు దూలాలను సన్న అంచు మీద నిలిచేలా నేల మీద పెట్టి, వాటి మధ్య అడ్డంగా మూడు చెక్కలు బిగించండి. దాని మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరవండి. ప్లైవుడ్‌లో సీటు అడుగున పొడుచుకు వచ్చిన కొక్కేలకు సరిపడా గాడులు కోస్తే, బరువు కొక్కేల మీద కాక చట్రం మీద పడుతుంది. ఇది ముఖ్యం. ఆ కొక్కేలు పక్కనుంచి వచ్చే మోటు దెబ్బలకోసం చేసినవి కావు, వంగితే మళ్లీ వ్యానులో సరిగా కూర్చోవు. దూలాలు వీపు భాగం దాటి వెనక్కి కనీసం ఒక అడుగైనా పొడుచుకొని ఉండాలి. ఈ పీఠంతో సీటు నేలనుంచి 10, 11 సెంటీమీటర్లు లేస్తుంది, అంటే మెత్త ఎత్తు భోజనాల కుర్చీకి దగ్గరగా వస్తుంది. వెనక కాళ్ల కింద మాత్రం రెండు సెంటీమీటర్ల చెక్క అదనంగా పెడితే మెత్త వెనక్కి వాలడం తగ్గి, లేవడం ఇంకా సులువవుతుంది. వీపు భాగాన్ని నిటారుకు దగ్గరగా పెట్టి వదిలేయండి. వెనక్కి వాల్చే లివరు జోలికి ఎవరినీ పోనివ్వకండి.

పీఠానికి సీటును కట్టిపడేయాలి కూడా. సీటు చట్రానికి రంధ్రాలు వేయడం, బోల్టులు దిగగొట్టడం ఎంతమాత్రం వద్దు. సామాను కట్టే రాచెట్ పట్టీలు రెండింటితో చట్రాన్ని పీఠానికి బిగిస్తే చాలును.

చేతుల సంగతి చెప్పాలి. సియెన్నా మధ్య వరుస కెప్టెన్ సీట్లకు ఉండే చేతులు పైకి మడిచేవి. చేయి ఆనించుకోవడానికి అవి చాలును, కాని మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి రెండు చేతుల మీద ఒళ్లంతా మోపి లేవడానికి అవి తగవు. పక్కన గట్టి చేతికర్ర, లేదా మీ భుజం ఉండాలి.

ఇక మోయడం. ఇలాంటి సీటు బరువు పాతిక కిలోల అటూఇటూ ఉంటుంది, కొన్ని మోడళ్లలో ముప్పై కిలోలకు చేరుతుంది. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నయోష్, వస్తువు శరీరానికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలిక తిరగకుండా ఎత్తే వీలున్న అనువైన పరిస్థితిలోనే 23 కిలోలను పరిమితిగా పెట్టింది. వ్యాను తలుపులోంచి సీటు తీయడమంటే వంగి, చేతులు చాచి, నడుము తిప్పి ఎత్తడం. ఇద్దరు పట్టుకోకుండా ఈ పని చేయవద్దు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా దాచను. మీకు కావలసింది మీ నాన్నగారు చలిమంట దగ్గర అందరితోపాటు సుఖంగా కూర్చోవడం. దానికోసం 25 కిలోల సీటు, 10 కిలోల పీఠం మోసుకెళ్లే బదులు, గట్టి అల్యూమినియం చట్రం, కదలని చేతులు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డైరెక్టర్ కుర్చీని దుకాణంలో ఆయనచేతనే కూర్చోబెట్టి, లేపించి చూసి కొనండి. అది నాలుగైదు కిలోలకు మించదు. నడుము నొప్పి కూడా ఉండి, బండి సీటు ఆకారమే ఆయన వీపుకు సరిపడుతున్నదనుకుంటే మాత్రం పీఠం చేయడం వృథా కాదు.

*

ప్రశ్న: మాది 2021 సియెన్నా. పాత మోడల్లో లాగా లివరు లాగితే మధ్య సీట్లు రావడం లేదు. నాలుగు బోల్టులు విప్పితే వస్తాయని ఒక వీడియోలో చూశాను. విప్పవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దండి. 2021 మోడలు నుంచి ఆ సీట్లలోనే పక్కవైపు ఎయిర్‌బ్యాగులు అమర్చారు. వాడకందారులు ఊడదీసే వీలు లేకుండా చేయడానికి అదే కారణం. సీటు కిందికి వెళ్లే తీగల్లో పసుపుపచ్చని తొడుగో, పసుపుపచ్చని కనెక్టరో కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుకు సంబంధించినదని గుర్తు. విద్యుత్తు ఉండగా దాన్ని పీకడం, మళ్లీ పెట్టేటప్పుడు సరిగా బిగియకపోవడం రెండూ ప్రమాదమే. ఒకటి మనిషి మీద పేలే ప్రమాదం, రెండవది ఢీకొన్న రోజున పేలకపోయే ప్రమాదం. ఎయిర్‌బ్యాగు ఉన్న సీటును చలిమంట దగ్గర కుర్చీగా వేయడమన్న ఆలోచనే మానుకోవాలి. ముందు వరుస సీట్లకు కూడా ఇదే వర్తిస్తుంది, అవి ఏ బండివైనా సరే. మీ మోడల్లో మధ్య సీట్లు ముందుకు చాలా దూరం జరుగుతాయి. వెనక పడుకోవడానికి చోటు కావలసివస్తే ఆ జరుపుడుతోనే సరిపెట్టుకోండి.

*

ప్రశ్న: మేము వ్యానులోనే పడుకుంటాము కాబట్టి మధ్య సీట్లను రాత్రంతా బయటే ఉంచవలసి వస్తుంది. ఇక్కడ ఎప్పుడూ ముసురే. పైన టార్పాలిన్ కప్పితే సరిపోతుందా? చలిమంటకు ఎంత దూరంలో ఉంచాలి?
– ఒక పాఠకుడు, బాథెల్, వాషింగ్టన్

జవాబు: మీ ప్రశ్నలో రెండు శత్రువులున్నాయి, నీరు, నిప్పు. రెండింటికీ సీటులోని పాలీయురేథేన్ ఫోమే లోకువ.

ఫోము నీటిని పీల్చుకుంటుంది, పైన గుడ్డ ఆరినట్టు కనిపించినా లోపల తడి రోజుల తరబడి నిలుస్తుంది. మీ ప్రాంతపు చల్లని తేమలో అది బూజుగా మారి, బండి అద్దాలు మూసినప్పుడల్లా వాసన కొడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆ వాసనతోపాటు వచ్చే బూజు కణాలు మంచివి కావు. టార్పాలిన్ వానను ఆపుతుంది, నేల తేమను ఆపదు, పైగా లోపలి తేమ బయటికి పోకుండా తానే కప్పి ఉంచుతుంది. కప్పడానికి ముందు సీటు కింద నేలకు తగలకుండా చెక్క పలక గాని ప్లాస్టిక్ పెట్టెలు గాని పెట్టండి, టార్పాలిన్‌ను సీటుకు అంటుకోకుండా ఒక తాడు మీదుగా వాలుగా కట్టి రెండు చివరలు తెరిచి ఉంచండి. ఇంటికి వచ్చాక సీటును గరాజులో ఫ్యాను గాలికి బాగా ఆరనిచ్చి, అప్పుడే బండిలో బిగించండి.

బకిల్ విషయం చాలామందికి తోచదు. మధ్య వరుస సీటుబెల్టు నాలుకను గుచ్చే బకిల్ సాధారణంగా సీటుకే ఉండి దానితోపాటు బయటికి వస్తుంది. దానిలో ఇసుక, మట్టి, పిల్లలు ఒలకబోసిన శీతల పానీయం పడితే స్ప్రింగు బిగుసుకుపోతుంది. సీటు బయట పెట్టిన క్షణంనుంచి తిరిగి లోపల పెట్టేదాకా బకిల్‌ను ప్లాస్టిక్ సంచిలో మూసి రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

నిప్పు సంగతికి వస్తే, బండి లోపలి గుడ్డలు, ఫోము కాలకుండా రసాయనాలతో తయారైనవే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అమెరికాలో 1972 నుంచి అమలులో ఉన్న వాహన భద్రతా ప్రమాణం 302 ప్రకారం, అడ్డంగా పెట్టిన ముక్కలో మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. అంటే అది కాలదని కాదు, నెమ్మదిగా కాలాలని. బండిలోనివారు దిగి బయటపడేంత వ్యవధి దొరకాలన్నదే ఆ నియమం ఉద్దేశం. చలిమంటనుంచి ఎగిరిన రవ్వ గుడ్డను కాల్చి ఫోములోకి దిగితే, మంట కనబడకుండానే లోపల రాజుకోవచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులుంటాయి. గాలి వాటం చూసుకొని, మంటకు ఎగువగాలి వైపున కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉంచండి. పైన మందమైన ముతక నూలు దుప్పటి గాని ఉన్ని కంబళి గాని పరిస్తే రవ్వ పడినా మచ్చతో పోతుంది. నైలాను, పాలిస్టరు దుప్పట్లు మాత్రం పరవవద్దు, అవి కరిగి అంటుకుంటాయి.

మీరు అడవుల్లోకి వెళ్తారు కాబట్టి మరొకటి. పిల్లలు కూర్చునే సీటు సందుల్లో బిస్కెట్ పొడి, ఎండిన పాలచుక్కలు లేని ఇల్లు ఉండదు. ఎలుగుబంట్లు తిరిగే చోట అలాంటి సీటును రాత్రి బయట పెట్టడమంటే వాటిని పిలిచి పీట వేసినట్టే. చిన్న జంతువులూ తక్కువవి కావు. సెకోయా జాతీయ పార్కులోని మినరల్ కింగ్ ప్రాంతంలో మార్మట్ అనే పెద్ద ఉడుతజాతి జంతువులు బండ్ల కిందికి దూరి రబ్బరు గొట్టాలు, తీగలు కొరికేస్తాయని పార్కువారే హెచ్చరిస్తారు. ఇక ఎలుకలకు ఫోమంటే గూడు కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న దూది. ఇన్ని చిక్కులున్నప్పుడు, వ్యానులో పడుకొనే కుటుంబం మధ్య సీట్లను ఇంటి గరాజులోనే దించి, సీట్లు ఎందరికి మిగిలాయో అందరే బయలుదేరడం మంచిదని నా సలహా.

*

ప్రశ్న: మా ఒడిస్సీ సీట్లను క్యాంపింగునుంచి వచ్చాక తిరిగి బిగించాము. బండి నడుస్తుంటే ఒక సీటు కింద టకటక చప్పుడు వస్తున్నది. ఏమైనా ప్రమాదమా?
– ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరొలైనా

జవాబు: ప్రమాదమే. సరిచూసేదాకా ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వకండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2017 నవంబరులో హోండా సంస్థ అమెరికాలో 2011 నుంచి 2017 వరకు వచ్చిన సుమారు 8 లక్షల ఒడిస్సీ వ్యాన్లను వెనక్కి పిలిచింది. కారణం సరిగ్గా మీరు రాసినదే. రెండో వరుస పక్క సీట్లను ఒకసారి ఊడదీసి తిరిగి పెట్టినప్పుడు గడియలు పూర్తిగా పడకపోతే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు ముందుకు ఒరిగిపోవచ్చునని గుర్తించారు. మీ బండి ఆ సంవత్సరాల్లోదైతే, ముందు అద్దం మూలన ఉన్న 17 అక్షరాల విన్ సంఖ్యను (బండి గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వేసి, ఆ మరమ్మతు జరిగిందో లేదో చూసుకోండి. జరగకపోయి ఉంటే డీలరు ఉచితంగా చేయాలి.

ఆ సీటు మీద పడే బలం ఎంతటిదో తెలిస్తే గడియల విలువ అర్థమవుతుంది. భద్రతా ప్రమాణం 207 ప్రకారం సీటు తన బరువుకు 20 రెట్ల బలాన్ని ముందుకు, వెనక్కి తట్టుకొని నిలవాలి. 27 కిలోల సీటుకు అది 540 కిలోల లాగుడుతో సమానం. సీటుబెల్టు సీటుకే తగిలించి ఉన్న పక్షంలో, ప్రమాణం 210 కింద బెల్టు నడుము భాగానికి, భుజం భాగానికి విడివిడిగా 3,000 పౌండ్ల, అంటే సుమారు 1,360 కిలోల లాగుడు దీనికి తోడవుతుంది. పిల్లల సీటును తగిలించే కింది కొక్కేలు కూడా సాధారణంగా ఆ సీటు చట్రానికే ఉంటాయి. ఇంత బరువును ఆపేది బొటనవేలంత మందం ఉన్న ఉక్కు గడియలు. వాటి మధ్య చిక్కుకున్న చిన్న గులకరాయి చాలు, గడియ పడినట్టు అనిపించి పడకుండా ఉండటానికి.

ఇప్పుడు చేయవలసిన పని. సీటును మళ్లీ ఊడదీయండి. బండి నేలలో సీటు పట్టుకునే కడ్డీల చుట్టూ, గుంటల్లో వ్యాక్యూమ్ గొట్టం పెట్టి శుభ్రం చేయండి, కార్పెట్ అంచుగాని, బెల్టు పట్టీగాని కిందికి దూరి ఉంటే లాగేయండి. సీటును తలకిందులు చేసి, ప్రతి కొక్కేన్నీ టార్చి వెలుతురులో చూడండి. మట్టి గట్టిపడి ఉంటే పాత పళ్లబ్రష్షుతో, తడి గుడ్డతో తీయండి. నూనె పోయకండి, అది దుమ్మును పట్టి ఇంకా పాడుచేస్తుంది. వాహనంతో వచ్చిన పుస్తకంలో ఏదైనా కందెన చెప్పి ఉంటే అదే వాడండి. కొక్కెం వంగినట్టు, గీరుకుపోయి మెరుస్తున్నట్టు కనిపిస్తే సుత్తితో సరిచేసే ప్రయత్నం వద్దు. వంచి సరిచేసిన ఉక్కు మునుపటి బలాన్ని ఇస్తుందన్న నమ్మకం లేదు, అలాంటి సీటును మార్చవలసిందే.

తిరిగి బిగించేటప్పుడు ముందు కొక్కేలను మొదట కడ్డీలకు తగిలించి, తరువాత వెనక భాగాన్ని బలంగా దించండి. ప్రతి గడియా పడిన చప్పుడు వినాలి. విన్నాక దాన్ని నమ్మి ఊరుకోకుండా, సీటు వీపు పై అంచును రెండు చేతులతో పట్టుకొని ముందుకు, వెనక్కి, పైకి ఒళ్లు బలమంతా పెట్టి లాగి చూడండి. అప్పుడు టకటక లేకపోతే సరే, ఉంటే డీలరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఈ లాగి చూసే పని సీటు బిగించిన మనిషే కాక, ఇంట్లో మరొకరు కూడా విడిగా చేయాలని నేను కోరుతాను.

*

ప్రశ్న: అసలు బండి తయారుచేసినవారే బయట కూర్చోవడానికి ఉద్దేశించిన సీట్లు ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: సీట్లు ఊడదీసే వీలు 1984 మోడలుగా వచ్చిన క్రైస్లర్ మినీవ్యాన్లలోను, అదే సంవత్సరం ఫ్రాన్సులో విడుదలైన రెనో ఎస్పాస్‌లోను ఉంది. అయితే అది సామానుకు చోటు చేయడానికి. 1996 మోడల్లో క్రైస్లర్ తన బెంచీ సీట్ల కింద చిన్న చక్రాలు పెట్టింది, మోయలేక జనం పడుతున్న అవస్థ చూసి కావచ్చు. 2005 మోడలుకు వచ్చేసరికి మధ్య సీట్లే నేలలోకి మడిచిపోయే ఏర్పాటు చేసింది. అదే కంపెనీ పసిఫికా హైబ్రిడ్‌లో మాత్రం ఆ గుంటల చోటును బ్యాటరీ ఆక్రమించడంతో మళ్లీ ఊడదీసే సీట్లే వచ్చాయి.

కూర్చోవడం కోసమే చేసిన ఏర్పాటు మూడో వరుసలో ఉంది. డాడ్జ్ గ్రాండ్ క్యారవాన్, క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీల్లో 2005 తరువాత వచ్చిన చాలా బండ్లలో వెనక సీటును వెనక్కి తిప్పి మడిస్తే, వెనక తలుపు ఎత్తి బయటికి ముఖం పెట్టి కూర్చోవచ్చు. సీటు బండిని వదలదు, తలుపు గొడుగులాగా నీడనిస్తుంది, వాన పడితే తలుపు దించితే సరి. బండి ఆగి, చేతి బ్రేకు వేసి ఉన్నప్పుడు మాత్రమే వాడాలి, అంతే. మీ బండికి ఈ వీలుంటే మధ్య సీట్లతో కుస్తీ పట్టవలసిన పని లేదు. మొదటి తరం హోండా సీఆర్‌వీలో వెనక సామాను నేలపలకే కాళ్లు విప్పితే పిక్నిక్ బల్ల అయ్యేది. ఫోక్స్‌వాగన్ కాలిఫోర్నియా వ్యానులో ఇంకా సూటిగా ఆలోచించారు. వెనక తలుపు లోపలి అరలో రెండు మడత కుర్చీలు, పక్క తలుపులో బల్ల ఇరికించి ఇచ్చారు. క్యాంపింగు కోసమే పుట్టిన బండిలోనే సీట్లను బయటికి తీయించకుండా వేరే కుర్చీలు ఇవ్వడాన్ని గమనించండి.

*

ప్రశ్న: ఆటోనగర్‌లో తుక్కుకు వచ్చిన ఓమ్ని సీట్లు దొరుకుతున్నాయి. మా మామిడితోటలో కుర్చీలుగా వేసుకోవాలనుకుంటున్నాను. మా ఈకో వెనక సీటును కూడా అప్పుడప్పుడు విప్పి తోటకు వాడుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తుక్కు సీట్లు కొనండి, మీ ఈకో సీటును ముట్టుకోవద్దు.

మన దేశంలో ఓమ్ని, ఈకో వంటి బండ్ల సీట్లు బోల్టులతో బిగించినవి, వాడకందారు తరచు తీసి పెట్టుకోవడానికి చేసినవి కావు. పదేపదే విప్పితే బోల్టు మరలు అరిగిపోతాయి. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, అందులో కూర్చునేవారి సంఖ్య కూడా ఒక వివరమే. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ తరువాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. సీటు తోటలో, బండి రోడ్డు మీద ఉన్న రోజున తనిఖీ జరిగితే వాదించడం కష్టం.

తుక్కు సీటు విషయంలో ఈ బెంగలేవీ లేవు, ఎందుకంటే అది మళ్లీ ఏ బండిలోనూ ఎవరి ప్రాణాన్నీ మోయదు. రంధ్రం వేయవచ్చు, వెల్డింగు చేయించవచ్చు. అమెరికాలోని పాఠకులకు కూడా నేను చెప్పేది ఇదే, పెరట్లో వేసుకోవడానికి కావాలంటే రోజూ నడిపే బండి సీటు కాకుండా జంక్‌యార్డులో ఎయిర్‌బ్యాగు లేని పాత సీటు వెతుక్కోండి.

కొనేటప్పుడు గుడ్డ సంగతి తరువాత చూడవచ్చు, ముందు సీటును తిరగేసి చట్రం చూడండి. పైపై తుప్పు పరవాలేదు, వేలితో గట్టిగా నొక్కితే పొరలుగా రాలుతుంటే వద్దు. ఫోమును పిడికిట పట్టి పిండినప్పుడు పొడి రాలితే దాని ఆయువు తీరిందని అర్థం. అలాంటి సీటును కూడా ధర తగ్గితే తీసుకోవచ్చు గాని, ఫోము తీసేసి కొత్తది వేయించాలి. మీ వైపు వానాకాలంలో తోటలో గుడ్డ సీటు నిలవదు కాబట్టి రెక్సిన్ వేయించండి, కుట్టు పై భాగంలో కాకుండా పక్కల అంచు మీదికి వచ్చేలా చెప్పండి. పైన కుట్టు ఉంటే సూది రంధ్రాల్లోంచే నీరు దిగుతుంది. అడుగు రేకు పలక ఉంటే దానికి నాలుగైదు రంధ్రాలు వేయించి, లోపలికి చేరిన నీరు కారిపోయే దారి ఇవ్వండి.

కాళ్లకు అంగుళంన్నర చదరపు ఇనుప పైపు చాలును. సీటు ముందు అంచు నేలకు 42 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా కోయించి, వెనక కాళ్లను నిలువుగా కాక వెనక్కి ఏటవాలుగా పెట్టి, కింద ముందు కాలినుంచి వెనక కాలిదాకా ఒక్కోవైపు అడ్డ పైపు వేయించండి. ఆ అడ్డ పైపే తోట మట్టిలో కాళ్లు దిగబడకుండా ఆపుతుంది. వెల్డింగు చేసేటప్పుడు ఫోము, రెక్సిన్ పూర్తిగా తీసి పక్కన పెట్టాలి, ఒక్క నిప్పురవ్వ చాలు ఫోము అంటుకోవడానికి. వెల్డింగు అతుకులకు రెడ్ ఆక్సైడ్ పూత వేసి, ఆరాక రంగు కొట్టించండి. వేసవిలో నల్ల రెక్సిన్ ఎండకు ఒంటికి అంటుకొని చురుక్కుమంటుంది, లేత రంగు ఎంచుకోండి. కాళ్ల కింద తలొక ఇటుకో బండరాయో వేస్తే చెదలు, తడి రెండూ పైకి ఎక్కడానికి సమయం పడుతుంది.